‘వెనక్కి చూడు!’ అంటే వినే సినిమా

సినిమా హాల్లో మీ పక్కన కూర్చున్న తమ్ముడు ఎప్పుడైనా తెరమీది హీరోకి సలహా చెప్పాడా? దొంగ కర్ర పట్టుకుని తలుపు చాటున నక్కి ఉంటాడు. హీరో ఈల వేసుకుంటూ అటే వస్తుంటాడు. “ఒరేయ్, అటు వెళ్ళకురా! తలుపు వెనకాల చూడు!” అని హాలంతా కేకలు. హీరో వింటాడా? వినడు. తిన్నగా వెళ్ళి దెబ్బ తింటాడు. మర్నాడు మళ్ళీ టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళినా అదే తలుపు దగ్గర అదే దెబ్బ తింటాడు. మనం ఎంత అరిచినా ఫిల్ముకి చెవులు లేవు.

నాటకం అలా కాదు. మన గోదావరి జిల్లాల్లో పద్యనాటకాలు చూసిన తాతయ్యని అడగండి. నటుడు పద్యం బాగా పాడితే జనం “వన్స్ మోర్!” అని అరిచేవారు. చచ్చి పడిపోయిన పాత్రధారి కూడ లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయిన సందర్భాలున్నాయని నవ్వుతూ చెబుతారు. కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరుపొందిన ఊరు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ముందు వరసలో కూర్చున్నవాళ్ళతో పరాచికాలాడతారు. ఎదుటివాళ్ళు ఏమంటే దానికి తగిన జవాబు అప్పటికప్పుడు పుడుతుంది. ఎందుకంటే బొమ్మ వెనకాల ఒక మనిషి ఉన్నాడు.

మరి సినిమాలోని నిజమైన మనుషుల ముఖాలు, నాటకంలోని జవాబు చెప్పే గుణం, ఈ రెండూ ఒకేచోట దొరికితే ఎంత బాగుంటుంది? ఈ కోరికలోంచి పుట్టినవే నటులతో తీసిన వీడియో దృశ్యాలున్న కథల ఆటలు. మామూలు వీడియో ఆటలో బొమ్మలన్నీ కంప్యూటర్ గీసినవే. ఈ ఆటల్లో మాత్రం కెమేరా ముందు నటించిన మనుషులు కనిపిస్తారు. కథలో ఒక మలుపు రాగానే ఆట ఆగి, “ఇప్పుడేం చేద్దాం?” అని మిమ్మల్ని అడుగుతుంది. మీరు చెప్పినదాన్నిబట్టి తరువాతి దృశ్యం వస్తుంది.

వినడానికి తేలికగా ఉంది కదూ? ఇందులోని చిక్కేమిటో, దాన్ని విప్పడానికి మనుషులు ఎన్ని ఉపాయాలు పన్నారో చూద్దాం.

ఎర్ర మీట, పచ్చ మీట

కంప్యూటర్ ఆటలు ఇంటింటికీ రాకముందే ఈ ప్రయత్నం మొదలయింది. 1967లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ చెకోస్లవేకియా దేశంవారి భవనంలో ‘కినోఆటోమాట్’ అనే వింత సినిమా ఆడింది. దాన్ని రూపొందించినవాడు రాదూజ్ చించెరా. హాల్లో ప్రతి కుర్చీకీ రెండు మీటలు ఉండేవి, ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. కథ కీలకమైన చోటికి రాగానే సినిమా ఆగిపోయేది. ఒక మనిషి వేదిక మీదకి వచ్చి, “హీరో తలుపు తీయాలా, వద్దా?” వంటి ప్రశ్న వేసేవాడు. ప్రేక్షకులు మీటలు నొక్కి ఓట్లు వేసేవారు. ఎక్కువ ఓట్లు ఎటు పడితే కథ అటు నడిచేది.

ఇదెలా సాధ్యం? రహస్యం చాలా చిన్నది. ప్రొజెక్టర్లు రెండు. ఒకదానిలో ‘అవును’ కథ, రెండవదానిలో ‘కాదు’ కథ. రెండూ సమానవేగంతో తిరుగుతూనే ఉంటాయి. ఓడిపోయిన కథ ఉన్న ప్రొజెక్టరు కటకానికి మూత పెడతారు. అంతే!

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మీట నొక్కినప్పుడు కొత్త కథేమీ పుట్టలేదు. ముందే తీసిపెట్టిన రెంటిలో ఒకదాన్ని చూపించారు. ఆనాటినుంచి ఈనాటిదాకా ఈ తరహా ఆటలన్నిటికీ ఇదే మూలసూత్రం. కెమేరాతో తీసినది మారదు. మారేదల్లా ఏది ఎప్పుడు చూపిస్తామన్నదే.

పళ్ళెం మీద గంతులు

సినిమా రీలులో పదో నిమిషంనుంచి నలభయ్యో నిమిషానికి పోవాలంటే మధ్యనున్న ఫిల్మంతా చుట్టుకోవాలి. టేపు అయినా అంతే. ఆటగాడు అంతసేపు ఆగడు కదా!

1978లో అమెరికాలో ‘లేసర్ డిస్క్’ బజారులోకి వచ్చింది. చూడటానికి 30 సెంటీమీటర్ల వెడల్పుతో అన్నం పళ్ళెంలా మెరుస్తూ ఉండేది. దాన్ని లేసర్ కిరణంతో చదివేవారు. ఆటలకు అనువైన రకం డిస్కులో ఒక్కొక్క వైపు 54,000 బొమ్మలు పట్టేవి. టెలివిజన్‌లో కదలిక కనిపించాలంటే సెకనుకు 30 బొమ్మలు చూపాలనుకుంటే, ఇవి సరిగ్గా 30 నిమిషాలకు సరిపోతాయి. ప్రతి బొమ్మకూ ఒక నంబరు ఉంటుంది. “12,450వ బొమ్మ దగ్గరకు వెళ్ళు” అంటే కిరణం మధ్య ఉన్నవాటిని వదిలేసి తిన్నగా అక్కడికి గెంతుతుంది. మీరు పాఠ్యపుస్తకంలో 112వ పేజీ తీయమంటే తీసినట్టే.

1983లో జపాన్‌లోని సెగా కంపెనీ సినిమా దృశ్యాలతో ‘ఆస్ట్రాన్ బెల్ట్’ అనే ఆటను ఈ పళ్ళెంమీద తెచ్చింది. అదే ఏడు అమెరికాలో డాన్ బ్లూత్ బృందం చేత్తో గీసిన కార్టూన్ బొమ్మలతో ‘డ్రాగన్స్ లేర్’ వచ్చింది. 1990లో వచ్చిన ‘మ్యాడ్ డాగ్ మెక్రీ’లోనైతే నటులే కౌబాయ్ వేషాలు వేసుకుని కనిపించారు. సమయానికి సరైన పని చేస్తే గెలిచిన దృశ్యం, లేకపోతే ఓడిన దృశ్యం. కిరణం ఒకచోటనుంచి ఇంకోచోటికి గెంతేటప్పుడు క్షణకాలం తెర నల్లబడేది. అయినా జనం విరగబడి చూశారు.

రామచంద్రపురంలో ఒక ఆట తీద్దాం

ఇప్పుడు అసలు చిక్కు చూద్దాం. మనమే రామచంద్రపురంలో ఇలాంటి ఆట ఒకటి తీస్తున్నామనుకోండి. కథ ఇది: ముక్తేశ్వరంలో ఉన్న అమ్మమ్మకి జబ్బు చేసింది. మనుమడు రామచంద్రపురంలో మందు కొన్నాడు. ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవుకు చేరి, ఆఖరి పంటు కదిలేలోగా ఎక్కి, గౌతమి దాటి మందు అందించాలి.

మొదటి దృశ్యం మందుల కొట్టు దగ్గర. ఇక్కడ మొదటి ప్రశ్న: బస్సుకోసం ఆగాలా, సైకిలు తొక్కాలా? రెండు దారులు. బస్సు ఎక్కితే మళ్ళీ ప్రశ్న: ద్రాక్షారామంలో దిగి స్నేహితుణ్ణి సాయం తీసుకోవాలా, వద్దా? సైకిలెక్కితే ఇంకో ప్రశ్న: దారిలో పడిపోయిన ముసలాయన్ని లేపాలా, తొందరలో ఉన్నాం కనక సాగిపోవాలా? ఇలా ఒక్కొక్క చోట రెండేసి దారులతో మొత్తం 10 ప్రశ్నలు పెట్టామనుకుందాం. ఒక్కొక్క దృశ్యం ఒక నిమిషం. మొత్తం ఎన్ని నిమిషాల సినిమా తీయాలి?

కాగితం, పెన్సిలు తీసుకోండి. మొదటిది 1 దృశ్యం. మొదటి ప్రశ్న తరువాత 2. రెండవదాని తరువాత 4. తరువాత 8, 16, 32... పదో ప్రశ్న తరువాత 1,024. అన్నీ కలిపితే 2,047 దృశ్యాలు. అంటే 2,047 నిమిషాలు, 34 గంటల పైచిలుకు సినిమా! మరి ఒకసారి ఆడినవాడు చూసేది ఎంత? మొదటి దృశ్యం, ఆపైన ప్రశ్నకొకటి చొప్పున 10 దృశ్యాలు. మొత్తం 11 నిమిషాలు. మిగిలిన 2,036 నిమిషాల సినిమా వాడి కంట పడనే పడదు.

చదరంగం గళ్ళలో బియ్యపు గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయిన కథ మీకు తెలుసుగా? ఇదీ అదే లెక్క. కంప్యూటర్ గీసే బొమ్మలతో అయితే ఈ బాధ తక్కువ. ఒక కుర్రాడి బొమ్మను తయారుచేస్తే, వాణ్ణి ఎటు నడిపించాలన్నా కంప్యూటర్ అప్పటికప్పుడు గీసేస్తుంది. నిజం కుర్రాడితో అలా కుదరదు. ప్రతి దారిలోనూ వాణ్ణి నడిపించి కెమేరాతో తీయవలసిందే. అదీ ఎండ ఒకేలా ఉన్నప్పుడు, అదే చొక్కాతో, జుట్టు అలాగే దువ్వుకుని. బస్సు దృశ్యంలో నుదుట బొట్టుంటే, ఆ తరువాత రాగల దృశ్యాలన్నిటిలోనూ ఉండాలి. లేకపోతే ఆటగాడు ఎటు మీట నొక్కినా కుర్రాడి బొట్టు మాయమవుతూ, ప్రత్యక్షమవుతూ ఉంటుంది!

సీడీలో సినిమా ఇమడాలంటే

సరే, ఎలాగో కష్టపడి తీశాం. ఎక్కడ దాచాలి? 1990ల మొదట్లో కంప్యూటర్లలో సీడీల వాడకం పెరిగింది. 12 సెంటీమీటర్ల బిళ్ళ. అందులో సుమారు 65 కోట్ల బైట్ల సమాచారం పడుతుంది. బైటు అంటే కంప్యూటర్ జ్ఞాపకంలో ఒక చిన్న అర అనుకోండి. ఆ రోజుల్లో అది బ్రహ్మాండమే. కాని సినిమాకు?

లెక్క కడదాం. చిన్న బొమ్మే తీసుకుందాం. అడ్డంగా 320, నిలువుగా 240 చుక్కలు. మొత్తం 76,800 చుక్కలు. ఒక్కొక్క చుక్కలో ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని చెప్పడానికి 3 బైట్లు కావాలి. అంటే ఒక బొమ్మకు 2,30,400 బైట్లు. సెకనుకు 15 బొమ్మలు చాలనుకున్నా సెకనుకు 34,56,000 బైట్లు. ఈ లెక్కన ఒక సీడీలో పట్టేది మూడు నిమిషాల పైచిలుకు సినిమా మాత్రమే!

పైగా ఇంకో ఇబ్బంది. మొదటితరం సీడీ యంత్రం సెకనుకు సుమారు 1,50,000 బైట్లే చదవగలదు. మనకు కావలసింది దానికి 23 రెట్లు. గుమ్మడికాయను సీసా మూతిలోంచి దూర్చాలన్నమాట.

అందుకని ఇంజనీర్లు బొమ్మను పిండడం మొదలుపెట్టారు. మాస్టారు నల్లబల్ల ముందు నిలబడి మాట్లాడుతున్నారనుకోండి. ఆయన పెదవులు, చెయ్యి కదులుతాయి. నల్లబల్ల కదలదు. అలాంటప్పుడు ప్రతి బొమ్మలోనూ నల్లబల్లను మళ్ళీ మళ్ళీ రాయడం దేనికి? మొదట ఒకసారి రాసి, తరువాత మారిన చోట్లు మాత్రమే రాస్తే చాలు. రంగుల సంఖ్య తగ్గించారు. కొన్ని ఆటల్లో బొమ్మను తెర మధ్య చిన్న కిటికీలా చూపారు. మరి కొన్నిటిలో గీత విడిచి గీత నల్లగా వదిలేశారు. దగ్గరగా చూస్తే బొమ్మ వెదురు తడిక వెనక ఉన్నట్టుండేది. ఇంత పిండితే ఒక సీడీలో సుమారు 72 నిమిషాలు పట్టింది. 2000 ప్రాంతాల్లో మన ఊళ్ళలో వీసీడీలు అద్దెకు తెచ్చుకున్న ఇళ్ళలో అడగండి. ఒక తెలుగు సినిమాకు రెండో మూడో బిళ్ళలు ఎందుకుండేవో ఇప్పుడు మీకు అర్థమయింది కదా!

మన అమ్మమ్మ మందు కథకు ఎన్ని సీడీలు కావాలి? 2,047ని 72తో భాగించండి. 29 సీడీలు!

నీలి తెర ముందు నటులు

ఆనాటి ఆటలవాళ్ళు 29 దాకా పోలేదు గాని, తక్కువేమీ తినలేదు. 1993లో వచ్చిన ‘ద సెవెన్త్ గెస్ట్’ రెండు సీడీల ఆట. 1994లో వచ్చిన ‘వింగ్ కమాండర్ 3’ నాలుగు సీడీలు. ‘స్టార్ వార్స్’ సినిమాల హీరో మార్క్ హామిల్ అందులో యుద్ధవిమాన చోదకుడిగా నటించాడు. దాని తరువాతి భాగం 1996లో ఆరు సీడీల మీద వచ్చింది. దాని ఖర్చు కోటి డాలర్లు దాటింది. 1995లో వచ్చిన ‘ఫాంటాస్మగోరియా’ అనే పెద్దల భయానక ఆట ఏకంగా ఏడు సీడీలు.

ఇన్ని ఇళ్ళు, ఇన్ని అంతరిక్షనౌకలు సెట్టింగులు వేయడం సాధ్యమా? అందుకని నటులను ఒకే రంగు తెర ముందు, నీలమో ఆకుపచ్చో, నిలబెట్టి తీసేవారు. తరువాత ఆ రంగున్న చోటల్లా తీసేసి, కంప్యూటర్ గీసిన గదిని పెట్టేవారు. నీలం, ఆకుపచ్చ రంగులే ఎందుకు? మనిషి చర్మంలో ఆ రంగులు తక్కువ కనక. ఎర్ర తెర పెడితే నటుడి బుగ్గలు కూడ ఎగిరిపోతాయి!

బొమ్మలో బొమ్మ కలిపే విద్య మనవాళ్ళకు కొత్త కాదు. 1957లో ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే వెళ్ళడం మీరు చూసే ఉంటారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే కంప్యూటర్ సాయం లేకుండానే అలాంటి మాయలు చేశాడు. అయితే ఘటోత్కచుడు ఎన్నిసార్లు చూసినా అవే లడ్డూలు తింటాడు. ఆటలో అయితే “లడ్డూ తినాలా, గారె తినాలా?” అని మనల్ని అడగాలి. అక్కడే మళ్ళీ మన పాత చిక్కు ఎదురవుతుంది.

పంటకాలువ చెప్పే ఉపాయం

2,047 దృశ్యాల చిక్కుకు ఉపాయం ఎక్కడో లేదు. రామచంద్రపురం దాటి చేలగట్టు మీద నడిస్తే కనిపిస్తుంది.

గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ట అని రెండు పెద్దపాయలుగా చీలుతుంది. ఆ పాయలు మళ్ళీ కలవవు. వేరు వేరుగా సముద్రంలో పడతాయి. మనం మొదట రాసుకున్న కథ ఇలాంటిది. చీలుతూనే పోతుంది. ఇక 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేశాక వచ్చిన కాలువల సంగతి చూడండి. పంటకాలువలో నీరు బోదెలుగా చీలి ఒక చేనులోకి కొంత, ఇంకో చేనులోకి కొంత పోతుంది. పని అయిపోయాక రెండు చేలనీరూ ఒకే మురుగుకాలువలోకి దిగుతుంది. చీలడం ఉంది, కలవడమూ ఉంది.

మన కథనీ అలాగే తీద్దాం. బస్సెక్కినా, సైకిలు తొక్కినా కుర్రాడు చివరికి ద్రాక్షారామం చేరతాడు. అక్కడినుంచి రెండవ ప్రశ్న ఇద్దరికీ ఒకటే. అప్పుడు ఎన్ని దృశ్యాలు తీయాలి? మొదటిది 1. ఆపైన ప్రశ్నకు రెండేసి చొప్పున 10 ప్రశ్నలకు 20. మొత్తం 21 దృశ్యాలు. 2,047 ఎక్కడ, 21 ఎక్కడ!

కినోఆటోమాట్ కిటుకు కూడ ఇదే. ప్రేక్షకులు ఏ మీట నొక్కినా కథ తిరిగి ఒకచోటికే చేరేది. సినిమా మొదట్లో ఇల్లు కాలిపోవడం చూపిస్తారు. ఎవరెన్ని ఓట్లు వేసినా ఆఖరికి ఆ ఇల్లు కాలుతుంది.

కాని ఇక్కడ ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉంది. ముసలాయన్ని లేపినవాడూ, లేపకుండా పోయినవాడూ ఒకే రేవుకు చేరి ఒకే పంటు ఎక్కితే, మనల్ని ప్రశ్న అడగడం దేనికి? “నీ ఇష్టం” అని నోటితో అని, చేతల్లో తన ఇష్టం నడిపినట్టు కాలేదూ? ఆటగాడు రెండోసారి ఆడితే గుట్టు బయటపడుతుంది. తనను మోసం చేశారని కోపం వస్తుంది. ఈ తరహా ఆటలు 1990ల చివరికి వెనకబడిపోవడానికి ఖర్చుతోపాటు ఇదీ ఒక కారణమే. ఆ కాలానికి కంప్యూటర్లు గీసే బొమ్మలు బాగుపడ్డాయి. అవి ఆటగాడు చెప్పినట్టల్లా కదిలేవి.

మరి ఖర్చు పెరగకుండా మాట నిలబెట్టుకునే దారి లేదా? ఉంది. ఫిల్ముకు జ్ఞాపకం లేదు గాని కంప్యూటర్‌కు ఉంది. ముసలాయన్ని లేపితే కంప్యూటర్ ఒక మూల 1 అని రాసుకుంటుంది, లేకపోతే 0. పది ప్రశ్నలకు పది 1లో, 0లో. ఇంతకూ ఇది రాసుకోవడానికి 2 బైట్లు చాలు. ఒక సెకను సినిమాకు 34 లక్షల పైచిలుకు బైట్లు కావాలని ఇందాక చూశాం. పదిసార్లు మనం ఏం చేశామో గుర్తుపెట్టుకోవడానికి రెండే రెండు! సినిమా ఖరీదు, జ్ఞాపకం చవక.

ఇప్పుడు రేవు దగ్గరకు రండి. పంటు కదలబోతోంది. కంప్యూటర్ తన చిట్టా చూస్తుంది. ముసలాయన పక్కన 1 ఉంటే, పంటులో ఒకరు “ఆగండి, ఆ అబ్బాయి మా నాన్నని లేపాడు!” అని కేక వేసే దృశ్యం వస్తుంది. 0 ఉంటే పంటు వెళ్ళిపోతుంది. 21 దృశ్యాలకు రెండు మూడు ముగింపులు అదనంగా తీస్తే చాలు. ‘వింగ్ కమాండర్ 3’లో కూడ ఆటగాడు తోటి సైనికులతో ఎలా మాట్లాడాడన్నది వాళ్ళ ఉత్సాహాన్ని మార్చేది. మాట ఇప్పుడంటే ఫలితం తరువాతెప్పుడో తెలుస్తుంది. జీవితంలోనూ అంతే కదా!

నిజమైన ముఖం తెచ్చిన తగాదా

“ఇంత యాతన ఎందుకు? గీసిన బొమ్మలతోనే ఆడుకోవచ్చు కదా” అని మీరు అడగవచ్చు. అమ్మ ముఖం చూసి, ఆమె ఏమీ అనకముందే కోపంగా ఉందని మీరు పసిగట్టగలరు. కనుబొమల దగ్గర చిన్న మార్పు, పెదవి చివర చిన్న వణుకు చాలు. అలాంటి ముఖాన్ని లెక్కలతో గీయడం కంప్యూటర్‌కు చాలా కష్టమైన పని. నటుడికి సహజమైన పని.

నిజమైన ముఖానికి ఎంత బలముందో 1993లో ఒక తగాదా చాటిచెప్పింది. ‘నైట్ ట్రాప్’ అనే ఆట కోసం దృశ్యాలను 1987లోనే నటులతో తీశారు. వాటిని వీడియో టేపుతో నడిచే ఒక ఆటయంత్రం కోసం తీస్తే, ఆ యంత్రం బజారుకే రాలేదు. చివరకు 1992లో సెగా సీడీ యంత్రం మీద ఆట విడుదలయింది. ఒక ఇంట్లో ఉన్న అమ్మాయిలను దుండగులనుంచి కాపాడటం ఆటగాడి పని. గీసిన బొమ్మలతో అయితే ఎవరూ పెద్దగా పట్టించుకోకపోదురేమో. నిజమైన అమ్మాయిలు కేకలు వేస్తుంటే పెద్దలు ఉలిక్కిపడ్డారు. 1993 డిసెంబరులో అమెరికా సెనేట్‌లో దీనిమీద, ఇంకొన్ని ఆటలమీద విచారణ జరిగింది. ఆటను దుకాణాలనుంచి తీసేశారు. తరువాతి ఏడు, 1994లో, ఏ ఆట ఏ వయసువారికి తగినదో పెట్టెమీద అచ్చువేసే పద్ధతి అక్కడ మొదలయింది. మన సినిమాలకు ‘యు’, ‘ఎ’ అని ధ్రువపత్రాలు ఇస్తారే, అలాంటిది. మీరు ఆట ఎంచుకునేటప్పుడు ఆ గుర్తు చూడటం మరచిపోకండి.

దారులు మాని, వెతుకులాట

2015లో ఇంగ్లండుకు చెందిన శామ్ బార్లో పాత చిక్కును తలకిందులుగా చూశాడు. ‘కథ ఎటు పోవాలి?’ అని ఆటగాణ్ణి అడిగితేనే కదా దారులు చీలేది? అసలు అడగడమే మానేస్తే?

ఆయన ‘హర్ స్టోరీ’ అనే ఆట చేశాడు. కథ 1994నాటిది. ఒక స్త్రీని పోలీసులు ఏడుసార్లు ప్రశ్నించారు. ఆ జవాబులన్నీ 271 చిన్న చిన్న వీడియో ముక్కలుగా పాత కంప్యూటర్‌లో ఉన్నాయి. మీరు ఒక మాట టైపు చేస్తే, ఆమె ఆ మాట పలికిన ముక్కలు వెతికి తెస్తుంది. ఎన్ని దొరికినా మొదటి అయిదు మాత్రమే చూపిస్తుంది. మిగిలినవి కావాలంటే ఇంకా తెలివైన మాట ఆలోచించాలి. దర్యాప్తు చేసేది మీరే. నటి ఒకతే, వీవా సీఫర్ట్. గది ఒకటి, బల్ల ఒకటి, కదలని కెమేరా.

ఇందులో అందం ఏమిటంటే, ఫిల్ము మారదన్న లోపమే ఇక్కడ గుణమయింది. జరిగిపోయినదాన్ని ఎవరూ మార్చలేరు. కాని దాన్ని ఏ వరసలో తెలుసుకున్నామన్నదాన్నిబట్టి మన మనసులో కథ మారుతుంది. ఒకే ఆట ఆడిన ఇద్దరు మిత్రులు ఆ స్త్రీ గురించి వేరు వేరు అభిప్రాయాలతో వాదించుకుంటారు. ఏడు సీడీలు చేయలేని పనిని ఒక మంచి ఆలోచన చేసింది.

తరువాత ఏమయింది?

ఇంకొందరు వేరే దారి పట్టారు. 2011లో ‘ఎల్.ఏ. నోయిర్’ ఆటకోసం నటుడి చుట్టూ 32 కెమేరాలు పెట్టి, ముఖంలోని ప్రతి కదలికనూ పట్టి, దాన్ని కంప్యూటర్ గీసే తలకు తొడిగారు. సాక్షి నిజం చెబుతున్నాడా, అబద్ధమాడుతున్నాడా అన్నది ముఖం చూసి మీరే తేల్చాలి. నటన మనిషిది, బొమ్మ యంత్రానిది. ఆలోచిస్తే తోలుబొమ్మలాట కూడ ఇదే కదా!

2018లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ‘బ్యాండర్‌స్నాచ్’ అనే ఎంచుకునే సినిమాను ఇంటర్నెట్‌లో విడుదల చేసింది. ఇది పెద్దలకోసం తీసినది. ఎంచుకోవడానికి 10 సెకన్లు గడువు. మన దేశంలో 2022లో రణవీర్ సింగ్, బేర్ గ్రిల్స్‌తో అడవిలో తీసిన ఇలాంటి కార్యక్రమం వచ్చింది. ఏ దారిన పోవాలో చూసేవారే చెప్పాలి. నేడు ఒక చిన్న మెమరీ కార్డులో వందల గంటల వీడియో పడుతుంది. 29 సీడీల బాధ తీరిపోయింది. అయినా పాత ప్రశ్న తీరలేదు. అడిగిన ప్రశ్నకు విలువ ఉండాలంటే జవాబు ఎక్కడో ఒకచోట లెక్కకు రావాలి. ఆ పని డిస్కు చేయదు, కథ రాసేవాడు చేయాలి.

మీరే చేసి చూడండి

కంప్యూటర్ లేకుండానే ఈ ఆట తయారు చేయవచ్చు. 8 అట్టముక్కలు తీసుకుని నంబర్లు వేయండి. ఒక్కొక్కదానిమీద కథలో ఒక దృశ్యం రాయండి. 1వ దృశ్యం చివర ప్రశ్న, జవాబునుబట్టి 2కో 3కో వెళ్ళాలి. రెండూ 4 దగ్గర కలుస్తాయి. అక్కడ మరో ప్రశ్న, 5కో 6కో వెళ్ళాలి. 7, 8 ముగింపులు.

ఇప్పుడు కంప్యూటర్ జ్ఞాపకానికి బదులు ఒక చింతగింజ చాలు. 2వ దృశ్యానికి వెళ్ళినవాడు ఒక గింజ జేబులో వేసుకోవాలి. 5 లేదా 6 అయిపోయాక జేబు చూసుకోవాలి. గింజ ఉంటే 7, లేకపోతే 8. గింజ ఎందుకిచ్చారో ఆడేవాడికి ముందు చెప్పకండి.

నలుగురు స్నేహితులచేత ఆడించండి. ముందు గింజ లేకుండా, అందరికీ ఒకే ముగింపు పెట్టి ఒకసారి. తరువాత గింజతో ఒకసారి. ఏది బాగుందని అడగండి. ఎందుకు బాగుందో కూడ అడగండి. నచ్చితే పెద్దవాళ్ళ ఫోను అడిగి తీసుకుని, ఆ 8 దృశ్యాలనూ మీ వీధిలోనే నటించి తీయండి. చొక్కా మాత్రం మార్చకండి సుమా!